అక్క తెచ్చుకున్న ఖాళీ ఫ్రేము

పెద్దాసుపత్రి ఎక్స్‌రే గదిలో పనిచేసే ఆయనకి ఒక పేరు ఉండే ఉంటుంది. ఆసుపత్రిలో ఎవరూ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. అందరికీ ఆయన ఊపిరి సారు. పొద్దున్న గది తాళం తీసింది మొదలు మళ్ళీ వేసేదాకా "ఊపిరి పీల్చండి, బిగబట్టండి, కదలకండి, వదలండి" తప్ప ఆయన నోట ఇంకో మాట రాదు. ఇంటికెళ్ళి భార్యతో కూడా అదే అంటాడని వార్డు ఆయాలు నవ్వుకుంటారు గానీ, అది అన్యాయం. ఇంట్లో ఆయన అసలు నోరే విప్పడు.

ఛాతీ ఎక్స్‌రే తీయించుకునే మనిషి గడ్డం పైకెత్తి, చేతులు నడుం మీద పెట్టుకుని, ఛాతీని పలకకి ఆనించి నిలబడాలి. వీపు మనవైపు ఉంటుంది. అలా ఊపిరి సారు ఉద్యోగమంతా ఊళ్ళోవాళ్ళ వీపులు చూస్తూనే గడిచిపోయింది. ఎవరైనా ఎదురొచ్చి పలకరిస్తే ఆయన తెల్లమొహం వేస్తాడు. ఆ మనిషి చిన్నబుచ్చుకుని దాటిపోయాక, వెనకనుంచి చూసి పోల్చుకుని, "మీరా! దగ్గు ఎలా ఉంది?" అంటూ వెంటపడతాడు. పొగరుబోతు అని కొందరు, పిచ్చి మాలోకం అని కొందరు అనుకుంటారు. రెండూ కాదు, వృత్తి అలాంటిది.

ఇలాంటి మనిషిని పట్టుకుని వాళ్ళ అక్క తన వీధి వీధంతా "మా తమ్ముడు పెద్దాసుపత్రిలో ఫొటోగ్రాఫరు" అని చాటింపు వేసింది. ఉద్యోగం వచ్చిన కొత్తలో ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, తను తీసేది ఎముకలనీ, ఊపిరితిత్తులనీ. లోపలివి తియ్యగలిగినవాడికి పైవి తియ్యడం ఒక లెక్కా అని అక్క ఆ మాట కొట్టిపారేసింది. అక్క కొట్టిపారేసిన మాటకి ఇక పుట్టగతులుండవు.

ఆ అక్క వారం రోజులుండేలా వస్తున్నానని ఫోన్ చేసింది. సముద్రం చూడాలంది, సముద్రం దగ్గర ఫొటోలు కావాలంది, ఫోనుతో తీసేవి కాదు, కెమెరాతో తీసినవి కావాలంది. ఊపిరి సారు ఎన్నడూ పెట్టని సెలవు పెట్టాడు. పళ్ళ డాక్టరు దగ్గర మంచి కెమెరా ఉంటే అడిగి తెచ్చుకున్నాడు. అక్క బస్సు దిగుతుంటే చేతిసంచీ అందుకున్నాడు. చంకలో తువ్వాలు చుట్టిన పలకలాంటిది ఒకటుంది, దాన్ని మాత్రం ఆవిడ ముట్టుకోనివ్వలేదు.

ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, అక్క తువ్వాలు విప్పింది. లోపల ఫొటో ఫ్రేము. నగిషీ చెక్కిన చెక్క, తళతళలాడే అద్దం. మధ్యలో ఏమీ లేదు.

సంగతేమిటంటే, బావ పోయి మూడేళ్ళయింది. పోయాక గోడకి పెట్టుకోడానికి ఆయన ఫొటో కోసం ఇల్లంతా గాలిస్తే ఒక్కటి కూడా సరైనది దొరకలేదు. చివరికి ఆఫీసువాళ్ళందరూ కలిసి దిగిన గుంపు ఫొటోలోంచి బావని కత్తిరించి పెద్దది చేయించారు. ఫొటో బాగానే వచ్చింది గానీ బావ భుజం మీద పక్కవాడెవడో వేసిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఉంగరం పెట్టుకున్న చెయ్యి. వచ్చినవాళ్ళంతా బావని చూసి అయ్యో అనడం మానేసి, ఆ చెయ్యి ఎవరిదండీ అని అడగడం మొదలుపెట్టారు. అక్క బావ ఆఫీసుకి వెళ్ళి వాకబు చేసింది. అక్కడ ఉంగరాలున్నవాళ్ళందరూ తమది కాదన్నారు.

"మూడేళ్ళుగా ఎవడిదో చెయ్యి నా ఇంట్లో కాపరం ఉంటోంది. నా ఫొటోకి ఆ గతి పట్టకూడదు. అందుకని ఫ్రేము ముందే కొనేశాను. నేను పోయాక గోడకి పెట్టే ఫొటో నువ్వే తియ్యాలిరా. వెనకాల సముద్రం ఉండాలి," అంది అక్క, టీ గ్లాసు అందుకుంటూ.

ఊపిరి సారు భార్య కుట్టుమిషను ఆపింది. ఆవిడ ఇంట్లోనే బట్టలు కుడుతుంది, నోరు కూడా సూదిలాగే ఉంటుంది. ఫ్రేము చేతిలోకి తీసుకుని, "కొలత బాగుంది వదినా. కొంచెం ఒళ్ళు చేసినా సరిపోతారు," అంది. వదినా మరదళ్ళిద్దరూ పడీపడీ నవ్వుకున్నారు.

ఊపిరి సారు నవ్వలేదు. అక్క డెబ్బైకి దగ్గరపడ్డా గుండ్రాయిలా ఉంది, మెట్లు తనకంటే ముందు ఎక్కుతుంది, అది కాదు సంగతి. ఆసుపత్రిలో ఆయన సారు. ఇంట్లో ఆయన ఏవండీ. వీధిలో ఆయన మాస్టారో, అంకులో. ఈ భూమ్మీద ఆయన్ని "ఒరేయ్" అని పిలిచే గొంతు ఒక్కటే మిగిలింది, అది ఇప్పుడు ఖాళీ ఫ్రేము ముందు పెట్టుకుని కూర్చుంది. ఆ ఫొటో తియ్యడమంటే అక్కని చేతులారా సాగనంపడమే అనిపించింది ఆయనకి. అలాగని వద్దనే ధైర్యమూ లేదు. అక్కకి ఎదురుచెప్పిన అలవాటు ఆయనకి చిన్నప్పట్నుంచీ లేదు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ సముద్రానికి వెళ్ళారు. అక్క ఫొటో కోసమే దాచిన ఆకుపచ్చ శాలువా కప్పుకుంది. ఫ్రేము చంకలో పెట్టుకుంది, సరిపోయిందో లేదో అక్కడికక్కడే చూసుకోవాలిట. సముద్రాన్ని మొదటిసారి చూసి, "ఇంతేనా?" అంది. తర్వాత దాని మీంచి కళ్ళు తిప్పలేదు.

ఊపిరి సారు కెమెరా మెడలో వేసుకుని అక్కని నిలబెట్టాడు. గొలుసు తీయించాడు, గాజులు తీయించాడు, తల్లో పిన్నులన్నీ తీయించి భార్య చేతిలో పెట్టాడు. గడ్డం కొంచెం పైకి, భుజాలు ముందుకి, చేతులు నడుం మీద. అన్నీ సర్ది, వెనక్కి వచ్చి, ఊపిరి బిగబట్టమని చెప్పి నొక్కాడు. ఇలా పది చోట్ల నిలబెట్టి తీశాడు. అక్క తమ్ముడు చెప్పినట్టల్లా చేసింది. పని తెలిసినవాడి దగ్గర మారుమాట్లాడకూడదని ఆవిడ నమ్మకం.

దారిలో ఫొటోల దుకాణంలో ఇచ్చి, సాయంత్రానికల్లా అచ్చు వేయించి తెచ్చారు. బల్ల మీద పరిచి చూస్తే అన్నిట్లోనూ అక్క వీపే. సముద్రాన్ని కావలించుకోబోతున్నట్టు నిలబడి ఉంది. పిన్నుల్లేని జుట్టు గాలికి రేగి ఏ జడలమర్రో అన్నట్టుంది.

"అలవాటులో పొరపాటు," అన్నాడు ఊపిరి సారు, తల వంచుకుని. అది నిజమే. ఆ రోజుకి అది పూర్తిగా నిజమే.

"పోనీ ఇదే పెట్టించుకోండి వదినా. పోయినవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారా ఏమిటి," అంది భార్య. అక్క మరదలి వైపు మెచ్చుకోలుగా చూసింది గానీ, ఫొటోలు మాత్రం పక్కకి నెట్టేసింది.

రెండోరోజు రాళ్ళ గట్టు మీదికి వెళ్ళారు. ఈసారి ఊపిరి సారు ఒళ్ళు దగ్గర పెట్టుకుని అక్కని తనవైపు తిప్పుకున్నాడు. పిన్నులు ఉండనిచ్చాడు. అంతా బాగానే ఉంది, ఊపిరి బిగబట్టమన్నాడు. అక్క బిగబట్టింది. ఆయన వదలమనడం మరిచిపోయాడు. ఆసుపత్రిలో ఆ మాట పక్కగదిలోంచి మైకులో చెబుతాడు. ఇక్కడ పక్కగదీ లేదు, మైకూ లేదు. అక్క బుగ్గలు బూరెలై, కళ్ళు బయటికొచ్చి, మొహం కందిపోతున్నా తమ్ముడి మాట మీద అలాగే నిలబడింది. చివరికి భార్య పరుగెత్తుకెళ్ళి వీపు మీద ఒకటి చరిస్తే గానీ ఆవిడకి ఊపిరి ఆడలేదు. ఆ రోజు ఫొటోలు చూస్తే గోడకి పెట్టాల్సిన మనిషిలా కాదు, గోడ దూకుతూ దొరికిపోయిన మనిషిలా ఉంది.

ఆ తర్వాతే ఊపిరి సారుకి అసలు అనుమానం పుట్టింది. ఏ రోగమో దాచిపెట్టి వచ్చిందేమో. లేకపోతే ఇంత తొందరేమిటి? ఇదివరకు రెండు మూడుసార్లు దగ్గింది కూడా. మూడోరోజు పొద్దున్నే ఆయన ఛాతీ డాక్టరుతో మాట్లాడుకుని, తను పనిచేసే చోటు చూపిస్తానని అక్కని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్క స్టూడియోకి వెళ్తున్నట్టే తయారైంది. ఎక్స్‌రే గదంతా కలయచూసి, దీపాలు తక్కువగా ఉన్నాయంది. డాక్టరు పరీక్ష చేసి చీటీ రాసిచ్చాక, పలకకి ఆనుకుని నిలబడి, నవ్వాలా వద్దా అని అడిగింది. నీ ఇష్టం అన్నాడు ఊపిరి సారు. ఆవిడ పలకవైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు ఎవరికి కనపడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఫిల్ము లైటుపెట్టె మీద పెట్టి ఊపిరి సారు చాలాసేపు చూశాడు. చిన్న మచ్చ కూడా లేదు. శుభ్రంగా, తుడిచిన పళ్ళేల్లా ఉన్నాయి రెండు ఊపిరితిత్తులూ. ఆయన ప్రాణం లేచొచ్చింది. అక్క మాత్రం ఫిల్ము మీద ఫ్రేము ఆనించి చూసుకుని, ఇదీ బాగానే ఉంది కానీ చుట్టాలు పోల్చుకోలేరేమో అంది.

"నీకు రోగం లేదు, రొష్టూ లేదు. మరి ఇప్పుడెందుకే ఆ ఫొటో?" అన్నాడు ఆయన. ఆ వారంలో ఆయన అక్కని ఎదిరించినంత పని చెయ్యడం అదే మొదలు.

"రోగం వచ్చాక దిగితే బాగుంటానుట్రా?" అంది అక్క.

మూడు, నాలుగో రోజుల్లో జరిగింది అలవాటు అనడానికి వీల్లేదు. మళ్ళీ సముద్రం, మళ్ళీ శాలువా, మళ్ళీ ఫ్రేము. ఇప్పుడు అక్కకి పని బాగా వచ్చేసింది. తమ్ముడివైపు తిరిగి, పెదాలు మూసి, చూపు కెమెరాలో నిలిపి, ఇప్పటికే పోయి మూడేళ్ళయినట్టు కూర్చునేది. కెమెరాలోంచి ఆ మొహం చూడగానే ఊపిరి సారు వేలు బిగుసుకుపోయేది. ఎండ కళ్ళల్లో పడుతోందని అక్కని పక్కకి తిప్పేవాడు. గాలి తగులుతోందని ఇంకొంచెం తిప్పేవాడు. తిప్పి తిప్పి, వీపు వచ్చాక నొక్కేవాడు. వీపు తీస్తే ఆయనకి గుండె నిబ్బరంగా ఉండేది. వీపుతో వచ్చినవాళ్ళందరూ ఎక్స్‌రే తీయించుకుని ఇళ్ళకి వెళ్ళిపోయారు కదా.

ఇదంతా ఒడ్డున ఒకతను చూస్తున్నాడు. వచ్చినవాళ్ళకి ఫొటోలు తీసి అక్కడే చిన్న మిషనులో అచ్చు వేసిచ్చే మనిషి. పెద్ద టోపీ పెట్టుకుంటాడు కాబట్టి అందరూ టోపీ అనే పిలుస్తారు. అట్టతో చేసిన ఓడ ఒకటి ఉంది అతని దగ్గర; దాని కిటికీలోంచి తల బయట పెడితే ఫొటోలో కెప్టెనులా వస్తారు. ఒక పెద్దమనిషి రోజూ ఒక పెద్దావిణ్ణి తెచ్చి ఇసకలో గిరగిరా తిప్పడం చూసి చూసి అతనికి తల ప్రాణం తోకకి వచ్చింది. ఐదోరోజు ఇక ఉండబట్టలేక దగ్గరికొచ్చి, ఆవిడకి సముద్రాన్ని చూపిస్తున్నారా, సముద్రానికి ఆవిణ్ణి చూపిస్తున్నారా అని మర్యాదగానే అడిగాడు.

అక్క ఉన్న సంగతంతా చెప్పింది. టోపీ ఫ్రేము చూశాడు, శాలువా చూశాడు, తలూపాడు. ఊపిరి సారు అడ్డం వచ్చేలోపే అక్కని ఓ రాయి మీద కూర్చోబెట్టి, ఆ చెయ్యి ఎవరిదో నిజంగానే తెలియలేదా అమ్మగారూ అని అడిగాడు. అక్కకి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే టోపీ నొక్కేశాడు.

మిషనులోంచి ఫొటో వేడివేడిగా వచ్చింది. ఏ వంకా పెట్టడానికి లేదు. అక్క మొహం, వెనకాల సముద్రం, కళ్ళ చివర్ల ముడతల్లో అల్లరి, అన్నీ ఉన్నాయి. భార్య కూడా నోరెత్తకుండా చూసింది. అక్క ఫ్రేము వెనక మేకులు వంచి, ఫొటో లోపల పెట్టి, మళ్ళీ బిగించి, తమ్ముడికి ఎదురుగా పట్టుకుంది. సరిగ్గా సరిపోయింది.

అద్దం వెనకాల అక్క నవ్వుతోంది. ఊపిరి సారుకి గోడ కనపడింది, ఆ గోడ ముందు తను నిలబడి ఉండటం కనపడింది, ఒరేయ్ అనేవాళ్ళెవరూ లేకపోవడం కనపడింది. ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియదు. మెడలో కెమెరా తీసి అక్క చేతిలో పెట్టాడు, ఫ్రేము లాక్కున్నాడు, గబగబా సముద్రంలోకి నడిచాడు.

చెప్పులతో, చేతిగడియారంతో, ఇస్త్రీ చొక్కాతో నడిచాడు. నీళ్ళు మోకాళ్ళు దాటాయి, నడుం దాటాయి. అక్కడ ఆగి, పారేద్దామని ఫ్రేము పైకెత్తాడు. పారేయడానికి చెయ్యి రాలేదు. అందులో ఉన్నది అక్క మొహం. దాన్ని నీళ్ళపాలు ఎలా చేస్తాడు? తీసుకెళ్ళి ఇవ్వడానికీ కాలు రాలేదు. ఏం చెయ్యాలో తెలియక, ఫ్రేము తలమీద ఎత్తిపట్టుకుని, నీళ్ళల్లో దిష్టిబొమ్మలా నిలబడిపోయాడు.

"ఒరేయ్!" అని అక్క ఒడ్డునుంచి అరిచింది. "నీకేమైనా మతిపోయిందా? బయటికి రా!"

"రాను," అన్నాడు ఊపిరి సారు.

అక్కకి రాను అని చెప్పడం ఆయన పుట్టాక ఇదే మొదలు. అక్కే నమ్మలేక భార్య వైపు చూసింది.

"నువ్వు పోతే నన్ను ఒరేయ్ అని పిలిచేదెవరే?" అని ఆయన నీళ్ళల్లోంచి అరిచాడు. "ఒక్కరు చెప్పు, చూద్దాం. పైగా గోడకి పెట్టే ఫొటో నన్నే తియ్యమంటావు. నేను తియ్యను. ఎవరు తీసినా ఒప్పుకోను!"

టోపీ తన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తమ్ముడు ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగలడని అక్కకి తెలియదు. ఏం చెయ్యాలో తోచక, చేతిలో ఉన్న కెమెరా కళ్ళకి పెట్టుకుంది. తన కళ్ళు ఎవరికీ కనపడకుండా ఉండటానికి అదే దగ్గర్లో ఉంది మరి.

సరిగ్గా అప్పుడు ఆయన వెనక ఒక అల లేచింది. ఊపిరి సారు దాన్ని చూడలేదు, వీపుతో మాత్రం పసిగట్టాడు. లోకమంతటికీ చెప్పే మాట మొదటిసారి తనకి తను చెప్పుకున్నాడు. ఊపిరి పీల్చాడు, బిగబట్టాడు, కదల్లేదు. అల ఆయన్ని నిలువునా ముంచేసింది. అక్క ఉలిక్కిపడేసరికి వేలు కెమెరా మీట మీద నొక్కుకుపోయింది.

టోపీ పరుగెత్తుకెళ్ళి, చొక్కా కాలరు పట్టుకుని ఆయన్ని ఒడ్డుకి ఈడ్చుకొచ్చాడు. ఒక చెప్పు సముద్రం తీసుకుంది. ఫ్రేముకి ఒక్క చుక్క తగల్లేదు. అక్క శాలువా తీసి తమ్ముడి తల తుడిచింది, చిన్నప్పుడు తుడిచినట్టే, చెవులు ఊడొచ్చేలా. ఒరేయ్ అని తిట్టింది, ఒరేయ్ అని మళ్ళీ తిట్టింది, ఆ పూటంతా ఆ ఒక్క మాటే తిడుతూ ఉంది. ఇంటిదాకా ఆయన ఒక చెప్పుతో కుంటుతూ నడిచి, అన్ని తిట్లూ విన్నాడు.

మర్నాడు పళ్ళ డాక్టరు కెమెరా తిరిగి ఇచ్చేముందు, అందులో ఉన్నవి అచ్చు వేయించారు. వీపులన్నీ అయ్యాక చివర్లో అక్క తీసిన ఫొటో వచ్చింది. జన్మలో ఆవిడ తీసిన మొదటి ఫొటో. ఫొటో నిండా తెల్లటి నురుగు. మనిషి లేడు, తల లేదు. నురుగు మధ్యలోంచి ఒక చెయ్యి నిటారుగా లేచి, ఫ్రేముని పట్టుకుని ఉంది.

భార్య నవ్వలేక కుట్టుమిషను మీద తల వాల్చేసింది. అక్క మాత్రం ఆ ఫొటోని దీపం దగ్గరికి తీసుకెళ్ళి, అద్దాలు పెట్టుకుని, చాలాసేపు చూసింది. రాత్రి భోజనాలయ్యాక ఫ్రేము ముందేసుకుని, మేకులు తీసి, ఏదో చేసుకుంటూ కూర్చుంది.

ఊరికి వెళ్ళేరోజు బస్సు దగ్గర, అక్క సంచీలోంచి టోపీ తీసిన ఫొటో తీసి తమ్ముడి జేబులో పెట్టింది.

"ఇది నీ దగ్గరుంచుకో. నేను ఉండగానే చూసుకో," అంది. తర్వాత చంకలో తువ్వాలు కొంచెం తొలగించి చూపించింది. ఫ్రేములో నురుగూ, చెయ్యీ ఉన్నాయి. "మీ బావ పక్కన పెడతాను. అక్కడున్న చెయ్యి ఎవరిదో చెప్పలేక చస్తున్నాను. ఈ చెయ్యి ఎవరిదని అడిగితే చెప్పుకోడానికి నాకు మనిషున్నాడు."

"మరి నీ ఫొటో?" అన్నాడు ఊపిరి సారు.

"అప్పటికి కదా. అప్పుడు మీరే తిప్పలు పడండి," అని అక్క బస్సెక్కేసింది, ఆయన కంటే ముందు మెట్లెక్కినట్టే.

బస్సు కదిలింది. ఊపిరి సారు జేబు మీద చెయ్యి వేసుకుని కదలకుండా నిలబడ్డాడు. పక్కన భార్య ఏదో అంటోంది, వినపడలేదు. ఆకుపచ్చ శాలువా కప్పుకున్న వీపు సీటు వెతుక్కుంటూ వెళ్ళి, కిటికీ పక్కన కూర్చుంది. ఆ వీపుని ఆయన ఎక్కడున్నా పోల్చుకోగలడు. అప్పుడు ఆ వీపు ఇటు తిరిగింది, కిటికీలోంచి అక్క తల బయట పెట్టింది. తమ్ముడి ఉబ్బిన బుగ్గలూ, ఎర్రబడ్డ మొహమూ చూసింది.

"ఒరేయ్," అని కేకేసింది, "ఊపిరి వదలరా."

ఆయన వదిలాడు.